అన్న రేడియో, నా పడవ

ఆ పడవ పని నెత్తిన పడేనాటికి నాకు ఒంట్లో ఓపిక లేదు. డెబ్బయ్యో దశకం మొదట్లో బోధన్‌లో పంపులు బాగుచేసేవాణ్ణి. చెరుకుకు నీళ్ళు కట్టే రోజులొస్తే పొద్దున బావిలోకి దిగడం, పొద్దుగూకాక ఒళ్ళు హూనమై పైకెక్కడం. అలాంటి రోజుల్లో నిజామాబాద్ బస్సు దిగి వచ్చాడు అన్న.

అన్న రేడియో మెకానిక్. చదువు ఎనిమిదితోనే ఆగింది, చేతిలో ఒక్క సర్టిఫికెట్ లేదు. నలభై దగ్గర పడినా ఇంకొకరి దుకాణం అరుగు మీద కూర్చునే పని. నిజామాబాద్‌లో కొత్తగా పెట్టిన ఒక కాలేజీ సైన్సు సారు అతని చేతిపని చూసి, రేడియోతో నడిచే పడవ చేసి చూపిస్తే ల్యాబులో నౌకరీ ఇప్పిస్తానన్నాడట. అన్న కళ్ళకు ఆ నౌకరీ తప్ప ఇంకేమీ ఆనడం లేదు.

"రేడియో నేను జేస్త తమ్మీ. పడవ, ఇంజను నువ్వు సూస్కోవాలె."

"పంపుల పనే ఒడుస్తలేదు అన్నా. ఆటబొమ్మలు జేసే తీరిక ఏడిది నాకు?" అని కసురుకున్నాను.

"పంపును దిప్పేది షాఫ్టే, పడవను దిప్పేది షాఫ్టే. గంతే గద?"

గంతేనట! చెప్పేవాడికేం, చేసేవాడికి తెలుస్తుంది. కసిరాను గానీ కాదనలేకపోయాను.

చాయిపత్తి పెట్టెల పలుచని చెక్కతో రెండు మూరల పడవ కట్టాను. ఇంజను గుప్పిట్లో పట్టేంతే. కిరసనాయిలు, ఆముదం, ఈథరు కలిపి పోస్తే చెవులు చిల్లులు పడేలా అరిచేది. నీళ్ళను వెనక్కి నెట్టడానికి ఇత్తడి రేకుతో చేసిన మొదటి పంకా పెద్దదై ఇంజను బిగుసుకుపోయింది. ఆకురాయితో రెక్కలు అరగదీశాను, మళ్ళీ అరగదీశాను. కూర్చున్నచోటే కునికిపాట్లు.

అన్న పడవలో సంకేతం అందుకునే రిసీవరును సబ్బుపెట్టెలో అమర్చాడు. ఒడ్డున చేతిలో ఉన్న డబ్బా మీట నొక్కితే చుక్కాని ఒక పక్కకు తిరిగేది, వదిలితే సరిగ్గా నిలిచేది. ఆ చిన్న కదలికకే మురిసిపోయేవాడు.

చెరుకు తోటల పక్కన కాలువలో వదిలి చూశాం. కాలువ సన్నం కాబట్టి చెంచాడు నూనె మాత్రమే పోసేవాళ్ళం. మొదటిసారి మూతి నీళ్ళలో గుచ్చుకుంది. బరువు ముందుందని సబ్బుపెట్టెను, బ్యాటరీని జానెడు వెనక్కి జరిపాం. ఇక చూడాలి! మూతి లేచి, అడుగు నీటికి తగిలీ తగలనట్టు దూసుకుపోయింది. గట్టు మీద సైకిల్ తొక్కినా అందలేదు. అన్న ఎగిరి గంతేశాడు. నాకూ సంతోషమైంది, అబద్ధమెందుకు?

పంకాను తిప్పే షాఫ్టు కడ్డీ పడవ లోపలికి వచ్చేచోట, నీళ్ళు రాకుండా గ్రీసు పూసిన నూలుతాడు చుట్టి, దాన్ని అదిమిపట్టే గ్లాండు బిగించాను. లోపల తడి చూసి అన్న అడిగాడు.

"గిది కారుతున్నట్టుంది గద?"

"సుక్క పడాలె. పడకుంటే షాఫ్టు కాలుతది. పంపుల పని నాకు నేర్పుతవా?"

పంపు కట్టే ఎవడైనా అదే చెబుతాడు. పంపు దగ్గర ఆ చుక్క నేల మీద పడుతుంది. పడవలో పడితే ఎటు పోతుందో నేను ఆలోచించలేదు. గుడ్డతో తుడిచేసి పక్కన పెట్టాను.

చూపించే రోజున నిజామాబాద్ బయట చెరువు కట్ట మీదికి సారు నలుగురు మేష్టర్లతో వచ్చాడు. ఆ రోజు టాంకీ నిండా నూనె పోశాం. మొదటి చుట్టు బ్రహ్మాండం. రెండోదానికి సారు చప్పట్లు కొట్టాడు. "ఇంకొకటి తిప్పవయ్యా" అన్నాడు. మూడో చుట్టులో పడవ కట్ట వైపు తిరిగింది. అన్న మీట నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. పడవ వినలేదు. అదే వేగంతో వచ్చి రాళ్ళకు కొట్టుకుని పగిలిపోయింది.

మోకాలి లోతు నీళ్ళలో దిగి అన్నే ముక్కలు తెచ్చాడు. సబ్బుపెట్టె మూత తీశాడు. అతని వెనకే నిలబడి నేనూ చూశాను. మూత పగల్లేదు, బిగువుగానే ఉంది. అయినా లోపల నీళ్ళు, గ్రీసు జిడ్డు తేలుతున్న నీళ్ళు. నిండు టాంకీతో అంతసేపు తిరిగేసరికి, మూతి లేచినప్పుడల్లా నా గ్లాండు చుక్కలన్నీ వెనక్కి జారి, పెట్టె అతుకుల్లోంచి దాంట్లోకే చేరాయి. అన్న దాన్ని పక్కకు తిప్పి నీళ్ళు ఒంపేశాడు.

"ఏమైంది?" అన్నాడు సారు.

"రేడియో ఫెయిలైంది సార్. నా పనే తక్కువైంది," అన్నాడు అన్న.

సారు "అయ్యో" అని వెళ్ళిపోయాడు.

బస్టాండులో అడిగాను. "అట్ల ఎందుకన్నవ్ అన్నా? తప్పు నాది గద."

"ఆ మేష్టర్లల్ల ఇద్దరు బోధనోళ్ళే. నీ గ్లాండు కారి రేడియో తడిసిందంటే రేపు ఎవడు నీకు పంపు ఇస్తడు? పిల్లలున్నోనివి. నాకేమున్నది, అరుగు ఉండనే ఉన్నది."

మర్నాడు పొద్దున్నే కాలేజీకి వెళ్ళి సారుకు నిజం చెబుదామనుకున్నాను. పొద్దున చెడిపోయిన పంపులు మూడు వచ్చి పడ్డాయి. ఆ తరువాతా ఏదో ఒకటి. ఆ నౌకరీ ఇంకెవరికో ఇచ్చారని దసరా ముందు తెలిసింది. పనితో అలిసిపోయానని నాకు నేను చెప్పుకున్నాను గానీ, నిజానికి భయపడ్డాను. నిజామాబాద్‌కు రోజూ బస్సులుండేవి. నేను ఎక్కలేదు.