గోడవతలి నుంచి రెండు దెబ్బలు

ఈ సంగతి ముందు మా ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అందరూ చదివారు. నీలం గుర్తులు పడ్డాయి, నా కళ్ళతో చూశాను. ఒక్కరూ పలకలేదు. దానికి కాస్త ముందు మా పెదనాన్న కోడలు దోసావకాయ ఫొటో పెడితే చప్పట్లు, దండాలు, పువ్వులు. నేను రాసినదాని కింద మాత్రం మా అన్నయ్య శుభోదయం బొమ్మ పెట్టాడు. సూర్యుడు, రెండు పిచ్చుకలు. అంతే.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. బయటివాళ్ళైనా వింటారని.

సింహాద్రి అప్పన్న మీద ఒట్టు. నేను తాగను. ఆ రాత్రి జ్వరం లేదు, నిద్రమత్తు లేదు. భోంచేసి చెయ్యి కడుక్కున్న తడి కూడా ఆరలేదు. జరిగింది జరిగినట్టే చెప్తాను.

మాది భిలాయి, ఇంట్లో తెలుగులోనూ హిందీ ముక్కలు దొర్లుతాయి. నాన్న శ్రీకాకుళం వైపు నుంచి స్టీల్ ప్లాంటులో పనికి వచ్చాడు. నేను, అన్నయ్య సెక్టర్ 4 క్వార్టర్‌లో పెరిగాం. తర్వాత అన్నయ్యకీ ప్లాంటులోనే ఉద్యోగం వచ్చింది, ఆ క్వార్టర్ అతని పేరు మీదే నడిచింది. నేను హథ్‌ఖోజ్‌లో ఒక చిన్న యూనిట్‌లో సూపర్‌వైజర్ని. ఈమధ్య అన్నయ్య వైశాలి నగర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. క్వార్టర్ ఖాళీ చేసి అప్పగించాలి. సామాను దాదాపు అంతా వెళ్ళిపోయింది. అటక, వంటింటి గిన్నెలు మిగిలాయి. అప్పుడు ఫోన్ చేశాడు.

"అటక మీద పాత సామాను, కబాడ్ ఉందిరా. రేపు కబాడీవాడొస్తాడు. కావాలంటే ఈలోగా వచ్చి చూసుకో."

"ఏటుంది?"

"పాత టీవీ. నీ ఆట డబ్బా."

నీ ఆట డబ్బా... గమనించండి. చిన్నప్పుడు ముట్టుకోనివ్వకుండా ఉండటానికి అది అతనిది. పారేసేటప్పుడు నాది.

ఆ సాయంత్రమే వెళ్ళాను. భోజనాలయ్యాయి. అన్నయ్యకి నైట్ డ్యూటీ, టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్ళిపోయాడు. ఇంట్లో వదిన, నేను. వదిన వంటింటి గిన్నెలు గోనెసంచుల్లో సర్దుతోంది. నేను స్టూలెక్కి అటక మీంచి టీవీ దించాను. చెక్కపెట్టె టీవీ, ముందు రెండు తలుపులు, లోపల పిక్చర్ ట్యూబ్. మోయలేక నడుం పట్టేసింది. దాని వెనకాల, గుడ్డ చుట్టి... ఆట డబ్బా. టీవీకి తగిలించే వీడియో గేమ్, బూడిదరంగు ప్లాస్టిక్. రెండు రిమోట్లు, వైర్లు వాటికే చుట్టి ఉన్నాయి. ట్యాంకుల ఆట కేసెట్ గాడిలోనే ఉంది. చుట్టూ తిరిగే శత్రువు ట్యాంకుల్ని పేల్చాలి, అడుగున మన కోటని కాపాడుకోవాలి. అంతే ఆట. దానికోసం ఎన్ని సెలవులు తగలేశామో.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఆ రాత్రి మీకు అర్థం కాదు.

స్టీల్ క్వార్టర్లలో పెరిగిన ఎవరినైనా అడగండి, గోడ మీద రెండు దెబ్బలు పడితే ఏమిటని. రాత్రి డ్యూటీ చేసొచ్చిన మనిషి పడుకున్నాడు, చప్పుడు తగ్గించండి అని. రెండిళ్ళకీ గోడ ఒకటే. ఇంటికో నైట్ షిఫ్ట్ మనిషి. పగటిపూట సందంతా గుసగుసలతోనే బతికేది. మేం ఆట కూడా సౌండ్ సున్నా చేసి ఆడేవాళ్ళం. నాన్న పడుకుంటే నాన్న కోసం. గోడవతల సింహాచలం మావయ్య పడుకుంటే ఆయన కోసం.

సింహాచలం మావయ్య విజయనగరం వైపు మనిషి. మాకు చుట్టం కాదు, వరసలు కలుపుకున్నాం. ఒంటరివాడు. ఆయన ఒకరోజు నాన్నని పట్టుకుని, "ఏటి బావా, వార్తలు సూద్దారని టీవీ యెడితే మీ కుర్రోళ్ళ ట్యాంకులు నా టీవీలో తిరుగుతన్నాయి" అన్నాడు. నిజమే. రెండిళ్ళ యాంటెన్నాలూ ఒకే గొట్టానికి కట్టి ఉండేవి. మేం ఆట డబ్బా వైరుని యాంటెన్నా వైరుతో కలిపి బిగించేవాళ్ళం. మా ఆట ఆ వైరు వెంట పక్కింటి టీవీలోకి పోయేది.

ఆ తర్వాతే దెబ్బలు మొదలయ్యాయి. మా సౌండ్ సున్నాలో ఉన్నా సరే. ఒక దెబ్బ పడితే ఎడమ నుంచి శత్రువు వచ్చేవాడు. రెండు పడితే కుడి నుంచి. గబగబా పడితే కోట దగ్గరికి వెనక్కి రావాలి. ఎవరూ నేర్పలేదు, నేనే కనిపెట్టాను. మావయ్య తన టీవీలో మా ఆట చూస్తూ నాకు సాయం చేస్తున్నాడని అన్నయ్యకి చెప్పాను.

"నీ మొహం. నిద్ర సెడిందని కొడతన్నాడు" అన్నాడు.

అక్కడితో ఊరుకున్నాడా... లేదు. సందులో కుర్రాళ్ళందరికీ చెప్పాడు. నాకు 'గోడగాడు' అని పేరు పెట్టారు. బడి అయ్యేదాకా అదే పేరు. అన్నయ్య పెళ్ళి పందిట్లో కూడా ఒకడు పిలిచాడు. ఎవడో నాకు గుర్తుంది. మావయ్యనే అడిగి తేల్చుకుందామనుకునేలోపు ఆయన రిటైరై ఊరెళ్ళిపోయాడు. తర్వాత కబురు లేదు. ఉన్నాడో లేడో కూడా ఎవరికీ తెలియదు.

సరే, ఆ రాత్రికి వస్తాను.

టీవీ గోడవారగా పెట్టాను. యాంటెన్నా వైరు ఇంకా కిటికీ పక్కన వేలాడుతోంది, ఎవరూ తీయలేదు. చిన్నప్పటిలాగే రెండు వైర్లూ కలిపి బిగించాను. వదిన గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఏటి మరిదీ, నెత్తి నెరిసిపోయింది, ఇంకా ఈ బచ్‌పనా పోలేదా?"

"ఒక్క ఆట వదినా."

"అది పేలితే మీ అన్నయ్యకి జవాబు నువ్వే చెప్పాలి. నేను నై."

స్విచ్ వేశాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత లోపల సన్నగా... కీఈఈ... అని మొదలైంది. కాలిన దుమ్ము వాసన. అద్దం మీద చెయ్యి పెడితే వెంట్రుకలు లేచాయి. చుక్కలు, చుక్కలు, తెర నిండా తెల్లచుక్కలు. కేసెట్ తీసి ఉఫ్ మని ఊది మళ్ళీ దించాను. ఛానెల్ బొత్తం మెల్లిగా తిప్పాను. చుక్కల వెనక ఏదో కదిలింది... వంకరగా... నిలబడింది. ట్యాంకులు.

నా గుండె చూడాలి అప్పుడు. నా చెయ్యి దానంతట అదే సౌండ్ బొత్తాన్ని సున్నాకి తిప్పేసింది. అలవాటు.

వదిన గోనెసంచి వదిలేసి వచ్చి కూర్చుంది. "ఆ రెండోది ఇలాగియ్యి. పేల్చేది ఏ బటన్?"

మొదటి దెబ్బకే నన్ను పేల్చింది.

"నన్నే కొడతన్నావేటి వదినా?"

"నువ్వే అడ్డొచ్చావు. హటో మరి."

నవ్వుకున్నాం. స్టేజీ మీద స్టేజీ. వేళ్ళకి అన్నీ గుర్తున్నాయి. నాకైతే ఒళ్ళంతా ఈల వేస్తున్నట్టు ఉంది. అప్పుడు...

టక్. టక్.

గోడ మీంచి.

వదిన తెర మీంచి కళ్ళు తిప్పకుండానే, "సౌండు కమ్ చెయ్యి మరిదీ, పక్కోళ్ళు..." అంది.

అని ఆగిపోయింది.

ఇద్దరం బొత్తం వైపు చూశాం. సౌండ్ సున్నాలో ఉంది.

"పక్కన ఎవరున్నారు వదినా?"

"ఎవరూ లేరు" అంది. గొంతు తగ్గించి అంది. "ఖాళీ అయి చాలా రోజులైంది. కరెంటు కూడా కాట్ దియా, తీసేశారు."

ఈలోగా నా ట్యాంకు పేలింది. కుడి పక్కనుంచి శత్రువు వచ్చి కొట్టాడు. రెండు దెబ్బలు... కుడి.

ఇక్కడ మీరు నన్ను పిరికివాడు అనుకోవద్దు. భయం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది సంతోషం. "కుడి అన్నాడు వదినా. చెప్పాడు. వినలేదు నేను" అన్నాను. వదిన నన్ను పిచ్చివాడిని చూసినట్టు చూసింది.

టక్.

ఎడమకి తిప్పి కొట్టాను. అక్కడ ఇంకా ఎవడూ లేడు. గుండు వెళ్ళేసరికి వచ్చాడు. పేలాడు.

టక్. టక్. కుడి. పేలాడు.

వదిన రిమోట్ వదిలేసింది. నేనొక్కడినే. తెర చూడటం మానేశాను, గోడ చెప్పినట్టు ఆడాను. నీళ్ళ స్టేజీ వచ్చింది. మధ్యలో చెరువులాగా నీళ్ళు, అవతలి నుంచి గుంపుగా దిగుతారు. చిన్నప్పుడు నేనది ఒక్కసారి కూడా దాటలేదు. అన్నయ్య దాటేవాడు, దాటి నా వైపు చూసేవాడు. ఎడమ... కుడి... కుడి... ఎడమ... చెమటకి బొత్తాలు జారుతున్నాయి. ఒక్కసారిగా టకటకటక మని గోడ. వెనక్కి. కోట పక్కనే వాడు. కొట్టాను.

దాటాను. నీళ్ళ స్టేజీ దాటాను. చూడటానికి అన్నయ్య లేడు. వదిన ఉంది.

వదిన నా చొక్కా పట్టుకుంది. "ఆపు" అంది.

ఆట ఆపే బొత్తం నొక్కాను. ట్యాంకులు ఉన్నచోట నిలిచిపోయాయి. గోడ కూడా నిలిచిపోయింది. చాలాసేపు చూశాం. గోడ గడియారం అప్పటికే కొత్తింటికి వెళ్ళిపోయింది, ఇంట్లో మా ఊపిరి తప్ప చప్పుడు లేదు.

బొత్తం మళ్ళీ నొక్కాను. ఎడమ మూలలో ఒక ట్యాంకు కదిలింది.

టక్.

ఆపాను... నిశ్శబ్దం.

అప్పుడు వచ్చింది భయం.  ఎలకలైతే ఆట ఆపితే ఆగవు. నీళ్ళ గొట్టాలైతే వాటికి ఎడమ, కుడి తెలియవు. అక్కడ ఏదున్నా... అది మా ఆట చూస్తోంది.

"వెళ్ళి చూసొస్తాను" అన్నాను.

"వద్దు. మత్ జా. రేపు మీ అన్నయ్య వచ్చాక..."

అన్నయ్య పేరు చెప్పకపోతే ఆగేవాడినేమో. ఆటని కదిలేలా వదిలేసి, ఫోన్ లైటు వేసుకుని పెరట్లోంచి వెనక సందులోకి వెళ్ళాను. ప్లాంటు వైపు కరిగిన స్లాగ్ మడ్డి పోస్తున్నారు, ఆకాశం ఎర్రగా వెలిగి ఆరుతోంది. పక్క క్వార్టర్ వెనక తలుపుకి తాళం. తుప్పు పట్టి తలుపుకే అతుక్కుపోయింది. కుదిపితే చేతికి పొడి రాలింది. పైన వెంటిలేటర్, అద్దం పగిలి ఉంది. ఒక ఖాళీ రేకు డబ్బా తిరగేసి ఎక్కాను. లైటు ఆర్పి లోపలికి చూశాను.

ఖాళీ గది. మా గోడ వైపు భాగం అక్కడినుంచి కనపడదు. ఎదుటి గోడ కనపడుతుంది. ఆ గోడ మీద... వెలుగు. తెల్లగా, కాస్త నీలంగా, వణుకుతూ. చీకట్లో టీవీ నడుస్తుంటే గదంతా వణుకుతుంది చూడండి, ఆ వెలుగు.



ఉన్నట్టుండి ఆ వెలుగు చిన్నదైంది. అంచుల నుంచి లోపలికి ముడుచుకుంది. అరచేయంత... రూపాయంత... కందిగింజంత. పాత టీవీ కట్టేస్తే మధ్యలో చుక్క ఉండిపోయేది, గుర్తుందా... అలాగ. ఆ గింజ చాలాసేపు ఉంది. నన్నే చూస్తున్నట్టు ఉంది. తర్వాత ఆరిపోయింది.

ఆ చీకట్లో విన్నాను. మా ఇంటి వైపు నుంచి గోడ మీద రెండు దెబ్బలు. గాజుల చప్పుడుతో సహా. వదిన కొడుతోంది.

దానికి లోపల ఏదో కదిలింది. గోడ దగ్గరికి... మెల్లిగా... నేలని రాసుకుంటూ. అంతవరకే విన్నాను. కాలి కింద డబ్బా జారింది. పడ్డాను, సందంతా మోగింది.

పరిగెత్తుకుని వచ్చేసరికి మా టీవీ కట్టేసి ఉంది. కట్టేసింది వదినే. గోడకి అరచెయ్యి ఆనించి, చెవి ఆనించి నిలబడి ఉంది.  భుజం ముట్టుకుంటే నా వైపు తిరిగి, "పద, కొత్తింట్లో దింపెయ్యి" అంది. బండి మీద వైశాలి నగర్‌లో దింపి వచ్చాను.

మర్నాడు అన్నయ్య నిద్ర లేచాక, భోజనాల దగ్గర అంతా చెప్పాను. విన్నాడు. నవ్వాడు. "నువ్వింకా గోడగాడివేరా" అన్నాడు. ఇన్నేళ్ళ తర్వాత అదే మాట. గోడలో పగులేదో ఉండుంటుంది, మన టీవీ వెలుగే అటు పడుంటుంది అన్నాడు. ఆ సాయంత్రమే వెళ్ళి గోడంతా తడిమి చూశాను. నాకు పగులు దొరకలేదు. గోనెసంచుల చాటున ఎక్కడైనా ఉందేమో, లేదని ఒట్టేయలేను. కానీ ఆ దెబ్బలకి ఏ పగులు?

ఆ భోజనాల దగ్గరే అడిగాను. "వదినా, నువ్వూ విన్నావు కదా?"

వదిన నా కంచం వైపు చూసింది. "నాకేటీ గుర్తు లేదు మరిదీ. పప్పు వెయ్యనా?"

ఉన్న ఒక్క సాక్షి.

ఆట డబ్బా ఇప్పుడు నా దగ్గరే ఉంది. మా ఇంట్లో చాలాసార్లు పెట్టి చూశాను. గోడ మాట్లాడదు. క్వార్టర్ అప్పగించేశారు, తాళాలు మారాయి. అక్కడున్నది సింహాచలం మావయ్యా, ఇంకేదోనా, లేక చిన్నప్పుడు కూడా అది మావయ్య కాదా... నాకు తెలియదు. నిజంగా తెలియదు.

కానీ మొన్న అన్నయ్య ఫోన్‌లో మాటల్లో మాటగా ఒకటన్నాడు. "మీ వదినకేటయిందోరా, ఈమధ్య టీవీ సౌండ్ పూర్తిగా తీసేసి చూస్తోంది. నాకు డ్యూటీ లేని రోజు కూడా." కొత్తిల్లు విడి ఇల్లు. కలిసిన గోడ లేదు. పక్కన పడుకునేవాళ్ళెవరూ లేరు.

వదినా, నువ్విది చదువుతావని నాకు తెలుసు. గ్రూపులో కూడా అందరికంటే ముందు చదివింది నువ్వే, చూశాను. అన్నయ్య నమ్మకపోతే మానె. నీ గాజుల చప్పుడు నేను విన్నాను. నువ్వు కొట్టింది రెండు. అటునుంచి ఎన్ని వచ్చాయి? ఒకటా, రెండా... గబగబానా? ఇంకేం అడగను. ఆ ఒక్కటి చెప్పు.