ఎర్ర టేపు అంటించిన రేడియో

కుమాసీ నగరం శివార్లలో టైర్లకు పంక్చర్లు వేసే యావ్ బ్రేన్యాకు తండ్రి వదిలిపోయినవి రెండే: గాలి కొట్టే యంత్రం, ఒక రేడియో. ఎవడూ వేరే స్టేషను పెట్టకుండా ఆ పెద్దమనిషి స్టేషన్లు మార్చే మీట మీద ఎర్ర టేపు అంటించి మరీ పోయాడు. "మీ తాత కోకో తోట మింగింది అవతలి పార్టీవాళ్ళేరా" అనేవాడు బతికున్నన్నాళ్ళూ. తోటను తాగుడుకి అమ్ముకున్నది తాత సొంత తమ్ముడేనని ఊళ్ళో ముసలివాళ్ళందరికీ తెలుసు. బ్రేన్యా వాళ్ళను అడగలేదు. ఫుఫు ముద్దతోపాటే ఆ పగనూ మింగి పెరిగాడు.

అక్కడ ప్రతి స్టేషనుకూ, రోజూ పొద్దున్నే ఫోన్ చేసి పార్టీ తరఫున అరిచే మనుషులు నలుగురైదుగురు ఉంటారు. ఏం అరవాలో పార్టీ చెబుతుంది, ఫోనుకి రీచార్జి వేయిస్తుంది. బ్రేన్యా వాళ్ళలో ఒకడై 'నిప్పు బ్రేన్యా' అనిపించుకున్నాడు. కొడుకు గొంతు వినబడితే తల్లి బిరాగో పొయ్యి మీది కూర కూడా మరిచిపోయేది. రెండు గంటల దూరంలో, ఏటి పక్క పల్లంలో ఒంటరిగా కూరగాయలు పండించుకునే చెల్లెలు అఫ్రకోమాకైతే ఆ గొంతే పుట్టిల్లు.

ఆ ఏడాది వానలు విరగబడ్డాయి. ఎన్నికలు మూడు వారాల్లో ఉన్నాయి, గద్దె మీద అవతలివాళ్ళున్నారు. గురువారం ఎగువ ఆనకట్ట గేట్లెత్తుతారనీ, పల్లంవాళ్ళు ఇళ్ళు ఖాళీ చేయాలనీ మైకు బండి తిరిగింది. పార్టీ కార్యదర్శి పంక్చర్ల కొట్టుకి వచ్చాడు.

"మనవాళ్ళు ఊళ్ళో లేరని చెప్పి ఓట్లు కొట్టేసే ఎత్తు ఇది. వాయించెయ్, నిప్పూ!"

బ్రేన్యా వాయించాడు. "ఎవరూ కదలకండి! మీరు చాప చుట్టారో, వాళ్ళు మీ ఓటు చుట్టేస్తారు!"

గంట తిరక్కుండా అఫ్రకోమా ఫోన్ చేసింది. "అన్నయ్యా, పక్కింటోళ్ళు సామాన్లు సర్దేస్తున్నారు. నన్నేం చెయ్యమంటావ్?"

"రేడియో వినలేదా?"

"విన్నాలే. అది నిప్పు బ్రేన్యా మాట. మా అన్నయ్య ఏమంటాడో అడుగుతున్నా."

కార్యదర్శి ఇంకా బల్ల మీదే కూర్చుని పళ్ళు కుట్టుకుంటున్నాడు. బ్రేన్యా గొంతు సవరించుకున్నాడు.

"ఇద్దరిదీ ఒకటే మాట. ఉండు."

ఆమె ఉంది. గురువారం నీళ్ళు చెప్పిన వేళకే వచ్చాయి. శనివారం శవం దొరికింది. సర్దుకుని పోయిన పక్కింటివాళ్ళే దాన్ని మోసుకొచ్చారు.

సోమవారం పొద్దున్నే ఫోనులో రీచార్జి పడింది. "పాపం వాళ్ళ నెత్తిన రుద్దు. నువ్వు చెబితే ఊరు ఊరంతా ఏడుస్తుంది" అన్నాడు కార్యదర్శి. వీడికి సిగ్గు లేదు సరే, బ్రేన్యాకు ఉంది. నిజం చెప్పేయాలనే అతను స్టేషను నంబరు నొక్కాడు. ఇంట్లో తల్లి చావింట కట్టే ఎర్రగుడ్డ కట్టుకుని, అదే రేడియో ముందు కూర్చుని ఉంటుందని తెలుసు. 'ఉండమన్నది నేనే' అనాలి. రెండే మాటలు.

"చెప్పు నిప్పూ" అన్నాడు స్టేషనువాడు.

ఇరవై ఏళ్ళుగా ఒకే దారిలో తిరిగిన నాలుక ఆ దారినే పోయింది. "నా చెల్లెల్ని వాళ్ళే చంపారు! చెప్పాపెట్టకుండా గేట్లెత్తేశారు!"

ఫోన్ పెట్టేసి, సిగ్గుతో చచ్చిపోతూ ఇంటికి నడిచాడు. మైకు బండి తిరిగిన సంగతి తల్లికి తెలుసు. చెల్లెలు అతనికి ఫోన్ చేసిన సంగతీ తెలుసు, ఆ రోజే అతను చెప్పాడు. అబద్ధాలకోరా అని ఆమె ఒక్క చెంపదెబ్బ కొడితే చాలనిపించింది.

తల్లి అతని చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "విన్నాను నాయనా. ఆళ్ళు అలాంటోళ్ళేనని మీ నాన్న ఏనాడో చెప్పాడు కదరా."

తర్వాత రేడియోను ఒళ్ళోకి తీసుకుని, అంచు లేచిన ఎర్ర టేపును బొటనవేలితో నొక్కి నొక్కి అంటించింది.