టమాటా కూరలో సగం

మొన్న మణుగూరులో కారం పట్టే గిర్నీ ముందు నుంచి వెళ్తుంటే ఆ ఘాటుకు తుమ్ములొచ్చాయి. వెంటనే సుగుణ గుర్తొచ్చింది.

ఐదో తరగతిలో సుగుణ నా పక్కన కూర్చునేది. వాళ్లమ్మ మా చేలో మిరపకాయలు ఏరేది. సుగుణ డబ్బాలో రోజూ కారం కలిపిన అన్నమే ఉండేది. అందుకే మా అమ్మ నాకు టమాటా కూర ఎక్కువ పెట్టి, "సగం సుగుణకియ్యి బిడ్డా," అనేది. నాకది ఇష్టముండేది కాదు.

ఒకరోజు సారు పాఠం చెబుతూ, తూకానికి తూకం చూస్తే టమాటా కన్నా ఎండుకారంలోనే ఎ విటమిన్ ఎక్కువన్నారు. ఆ మధ్యాహ్నం కూరంతా నేనే కలుపుకున్నాను.

"నీకు కూరెందుకే? నీ కారంలోనే బలమెక్కువంట. సారు చెప్పిండు గదా!"

"అవ్ గదా! అయితే నీకన్నా నేనే బలంగుంట," అని సుగుణ సంబరంగా నవ్వింది. మళ్లీ ఎన్నడూ నా డబ్బా వైపు చూడలేదు. అమ్మ అడిగినప్పుడల్లా, ఇస్తున్నాననే చెప్పాను.

సారు చెప్పింది నిజమే. కానీ కూర గరిటెడు తింటాం, కారం చిటికెడే కలుపుకుంటాం. చిన్నతనం, ఆ తేడా తెలియలేదని ఇన్నాళ్లూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. తెలియకే చేసి ఉంటే, అమ్మకు అబద్ధమెందుకు చెప్పాను?