నకలు రాసిన చెయ్యి

మా రచయితల సంఘం కార్యదర్శి సారు పోయిన గురువారం కరీంనగర్ దవఖానల కాలం చేసిండు. పెద్దపల్లి బస్సు కండక్టరు మంథనిల దిగి, మా గల్లీ దాక నడిచొచ్చి చెప్పిండు. "మీ సారు ఇగ లేడన్నా" అన్నడు. నేను మగ్గం గుంతల కూసుండి నేస్తున్న. ఒక్కసారిగ కాళ్ళు ఆగిపోయినయ్. ఆ దినం మళ్ళ నేసుడు కాలే.

మా సంఘం ఈ సంచిక చదివేటోళ్ళల్ల చాలమంది ఆయనను సభలల్ల చూసినోళ్ళే. చూడనోళ్ళ కోసం చెప్తున్న. సారు తాసీల్ కచేరిల నకలు రాసే గుమాస్తా. పొద్దంత ఒకల అర్జీ, ఇంకొకల తగాదా తీర్పు ఫైసలా చూసి రాసుడే ఆయన నౌకరి. పాళీకి సిరా ఎక్కువైతే జుట్టుకే తుడుచుకుంటుండె. నెరిసిన జుట్టుల చెవి పక్కన ఎప్పుడు ఒక నీలి మరక ఉండేది. పండుగ పూట తలస్నానం చేసినా అది పోలేదని ఆయన ఇంటామె మొత్తుకునేది.

నిజాం పాలన పోయిన కొత్తల, గ్రంథాలయం అరుగు మీద నలుగురు దోస్తులతోని సంఘం మొదలువెట్టిండు. అప్పటిదాక బడులల్ల చదువంత ఉర్దూలనే. ఇంట్ల మాట్లాడేది తెలుగు, చేతికొచ్చింది ఉర్దూ అక్షరాలు. నేను నాలుగో జమాత్ దాక గట్లనే చదివిన. మనసుల ఏమన్న మెదిలితే తెలుగు మాటలను ఉర్దూ అక్షరాలల్ల రాసుకునేటోళ్ళం. అసొంటి కాయితాలను సారు తెలుగుల నకలు తీస్తుండె. "ఈ సంఘం ఎందుకు సారూ" అని ఒకపారి అడిగిన. "కచేరిల మన ఊర్ల కాయితాలు బస్తాలకు బస్తాలున్నయ్. అన్నీ శిస్తులు, తగాదాలు. మనోళ్ళు ఎందుకు నవ్విండ్రో, ఎందుకు ఏడ్చిండ్రో ఒక్క కాయితం మీద లేదు" అన్నడు.

మా సంఘానికి ఒక కట్టుబాటు ఉన్నది. రాసినోడు తనది తాను చదువొద్దు, కాయితం మీద పేరు ఉండొద్దు. ఇంకొకలు చదువుతరు, అందరు మంచిచెడ్డ చెప్తరు, అటెన్క రాసినోడు లేచి నిలవడాలె. ఇది సారు పెట్టిందే. "పేరు చూస్తే కులం కనవడుతది. కులం కనవడితే చెవులు మూసుకుంటరు. ముందుగాల మాట విననియ్యి" అనేటోడు. గా కట్టుబాటు లేకుంటే బట్ట నేసే సాలోని కొడుకు రాసింది ఆ అరుగు మీద ఎవ్వలు వింటుండ్రి?

నేను నన్ను కన్న మా అవ్వ గురించి రాసిన. ఆమె నూలు కండెలు చుట్టుడు, ఆమె పోయినంక సగం చుట్టిన కండెను మా బాపు ఎవ్వరిని ముట్టనియ్యకపోవుడు. గంతే కథ. సారే చదివిండు. అయిపోయినంక అందరు మంచిచెడ్డ చెప్పిండ్రు. నేను లేచి నిలవడితే పెద్ద పెద్దోళ్ళు మళ్ళి చూసిండ్రు. అచ్చేసే సంచికల ఇది ఉండాల్సిందేనని అందరు ఒప్పుకున్నరు. ఇంటికి పోయి బాపుకు చెప్పిన. బాపుకు చదువు రాదు. "అవ్వ కథ కింద నీ పేరు వస్తదా" అని రెండు మూడుసార్లు అడిగిండు.

సంచిక వచ్చింది. పక్కింటి పిలగానితోని చదివించిండు బాపు. కథ కింద సారు పేరున్నది.

జరిగింది ఇది. కాయితాల మీద పేర్లుండవు గనుక, పేర్ల చిట్టీ ఒకటి వేరే రాసి ప్రెస్సుకు పంపుతరు. నా కథకు సారు తీసిన తెలుగు నకలు ఆఖరుకు పోయింది, చిట్టీల నా పేరు ఎక్కలే. ప్రెస్సాయన దస్తూరి చూసిండు. సారు దస్తూరే గదా అని సారు పేరు పెట్టిండు. అప్పుడు సారు జరంతోని మంచం మీద ఉండె, ప్రూఫులు చూడలే. ఇదంతా నాకు తర్వాత ఎరుకైంది. ఆ దినం మాత్రం, పెద్దమనిషి నా కథ కాజేసిండనే అనుకున్న. అబద్ధం చెప్ప. కడుపు మండింది. "పోనియ్ బిడ్డా, అవ్వ సంగతి నలుగురికి తెలిసింది గదా" అన్నడు బాపు. గా మాటకు ఇంక మండింది. రెండు ఆదివారాలు సభకు పోలే.

జరం తగ్గినంక సారే వచ్చిండు. మగ్గం కాడ నిలవడ్డడు. కూసోమని సుత అనలే నేను.

"సంచిక చూసినవా?"

"చూసిన."

"చూసి నన్ను తిట్టనీకె ఎందుకు రాలే?"

నేను తెగిన పోగు ముడేస్తున్న.

"దొంగననుకున్నవా?"

"అనుకున్న సారూ."

"ఎవ్వలు దొంగతనం చేస్తేంది, సొమ్మయితే నా పేరు కిందనే ఉన్నది" అని కింద నేల మీదనే కూసున్నడు. సంగతంత అప్పుడు చెప్పిండు. నాకు తలకాయ ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వలే.

బాపును పిలిచిండు. జేబుల కలం తీసి, మా ఇంట్ల ఉన్న సంచికల తన పేరు కొట్టేసి నా పేరు రాసిండు. కథ మొత్తం బాపుకు చదివి వినిపించిండు. ఆ ఒక్కపారి సంఘం కట్టుబాటు పక్కన పెట్టి, ముందుగాల పేరే చదివిండు. బాపు రుమాలు మొఖానికి అడ్డం పెట్టుకున్నడు.

అక్కడితోని అయిపోయిందనుకున్న. సారుకు కాలే. సంచికలు అప్పటికే ఎక్కడెక్కడికో పోయినయ్. ఎవ్వలెవ్వలికి పోయినయో జాబితా రాసుకుని ఆదివారం ఆదివారం బయలుదేరిండు. పెద్దపల్లికి బస్సుల పోయిండు, మంచిర్యాలకు పోయిండు, కొన్ని ఊర్లకు నడిచి పోయిండు. ఇంట్లకు పోవుడు, సంచిక అడుగుడు, తన పేరు కొట్టేసి నా పేరు రాసుడు, నీళ్ళు తాగి వచ్చుడు. ఎందుకింత పరేషాని సారూ అంటే, "నకలుల తప్పు పడితే అసలు ఓడిపోతది. గట్ల ఓడినోళ్ళను కచేరిల ఎందర్ని చూసిన్నో" అన్నడు. మధ్యల కచేరి దినాలల్ల ఇంకో పని పెట్టుకున్నడు. కచేరి నుంచి పోతూ పోతూ మా ఇంటికాడ ఆగి నాకు తెలుగు అక్షరాలు దిద్దిపిచ్చుడు. పెండ్లయి ఇద్దరు పిల్లలున్నోడు పలక పట్టుకుంటే గల్లీ అంత నవ్వింది. సారు నవ్వలే.

ఆఖరికి ఒక్క సంచిక మిగిలింది. అది గోదావరి అవతల, చెన్నూరు దిక్కు ఒక బడిపంతులు కాడ ఉన్నది. ఈసారి నన్ను సుత రమ్మన్నడు. పడవల పోయినం. పంతులు ఇంటి ముందట మంచం వాల్చి కూసోవెట్టిండు. సంగతి విని, "గింత దానికి ఏరు దాటొస్తరా సారూ? ఒక కార్డు రాస్తే నేనే దిద్దుకుందును గదా" అన్నడు.

"నువ్వు దిద్దుకుందువు. ఈయన చూడకపోతుండె గదా" అన్నడు సారు.

సంచిక మోకాళ్ళ మీద పెట్టుకుని తన పేరు మీద గీత కొట్టిండు. కొట్టి కలం నా చేతుల పెట్టిండు. "ఇగ నీది నువ్వే రాయి" అన్నడు.

 బడిపంతులు ముందట తప్పు రాస్తనేమోనని బుగులైంది. ఒక్కొక్క అక్షరం గుర్తుకు తెచ్చుకుంట రాసిన. పేరు వంకర పోయింది, ఆఖరి అక్షరం కాడ సిరా కారింది. ముప్పై ఏండ్ల మనిషిని, నా పేరు తెలుగుల కాయితం మీద నేను రాసుకునుడు అదే మొదలు. సారు సంచిక మెల్లగ తన మోకాళ్ళ మీదికి తీసుకున్నడు. ఏటి ఒడ్డున పడవోడు పిలుస్తనే ఉన్నడు. సారు మాత్రం ఆ పేరు మీదికి వంగి, తడి ఆరేదాక ఊదుకుంట కూసున్నడు.