చెరువు మాదిరి ఉండాదన్న చోటికి

అతను చదివినదానికన్నా కాగితంలో అక్షరాలు ఎక్కువున్నాయి. నా ప్రయాణానికి కారణం అదే.

ఇసుక కంట్రాక్టరు తరఫు మనిషి మా ఇంటి అరుగు మీద కూర్చుని ఆ కాగితం గడగడా చదివేశాడు. ఇసుక తీయడానికి ఒప్పుకుంటూ స్వర్ణముఖి ఏటి గట్టున బావులున్నవాళ్ళంతా సంతకాలు పెట్టాలట. యాభై ఏళ్ళు దాటాక చదువు నేర్చినదాన్ని. నా వేలు సగం దాకా వచ్చేసరికే అతను ముగించాడు.

"ఇసుక తీస్తే ఏట్లో నీళ్ళు నిలబడతాయక్కా. నాయుడుపేట తట్టు ఒక ఊర్లో తీసినాము. పోయి సూడు, చెరువు మాదిరి ఉండాది," అంటూ ఊరి పేరు కూడా చెప్పాడు. నేను నిజంగా పోతాననుకోలేదేమో. సంతకానికి మళ్ళీ వస్తానని కాగితం నా దగ్గరే వదిలిపోయాడు.

శివరాత్రికి వారం ముందు, పొద్దున ఆరింటికి బయల్దేరాను. చంద్రగిరి బస్సుకు మేము ఏరు దాటాలి. మధ్యలో ఆగి ఇసుకలో చెలమ తోడాను. మోచేతి లోతున నీళ్ళు ఊరాయి. కళ్యాణి వాగుకు కొండల్లోనే డ్యామ్ కట్టి ఆ నీళ్ళు తిరుపతికి మళ్ళించాక, మాకు మిగిలింది వానాకాలపు వరద, ఈ ఇసుక కింది ఊట.

బస్సులో ఆధార్ చూపితే సున్నా టికెట్టు ఇచ్చారు. అటూ ఇటూ తిప్పి చదివాను.

"ఊరికే ఇస్తే ముఖం ముడుస్తావేమక్కా?" అన్నాడు కండక్టరు.

"ఊరికే ఇచ్చేదంటేనే నాకు అనుమానం నాయనా."

ఏడుంపావుకు తిరుపతి. బస్టాండులో ఇడ్లీ తిని కాళహస్తి మీదుగా నాయుడుపేట పోయే బస్సెక్కాను. ఏర్పేడులో ఒకామె వచ్చి పక్కన కూర్చుంది. పేరు ఎలీశమ్మ. కూతురి ఇంటి నుంచి సొంతూరికి పోతోంది. ఆ ఊరు అతను చెప్పిన ఊరే! నేనూ అక్కడికేనని నోరు జారాను. నన్ను కనిపెట్టి ఉండమని అతనే ఈమెను పంపలేదు కదా అనిపించింది.

"మా ఊర్లో నీకేం పని?"

"బంధువుల పెండ్లి," అన్నాను.

"నాకు తెలవకుండా మా ఊర్లో పెండ్లా!" అని ఫక్కున నవ్వింది.

కాళహస్తిలో ఏటి గట్టున గుడి కనబడగానే ముందు సీటు పెద్దాయన కథ ఎత్తుకున్నాడు. గుడి కట్టిన కూలీలకు సాయంత్రం దోసెడు ఏటి ఇసుకే కూలి అట. కష్టపడినంత మేరకు అది బంగారమయ్యేదట, పనిదొంగకు ఇసుకగానే మిగిలేదట.

"ఆ బంగారం చూసినోళ్ళు ఎవరు?" అన్నాను.

"ఇప్పుడు లారీలోళ్ళకు అయితాండాది కదమ్మా," అంది ఎలీశమ్మ.

ఆ మాటకు దాచిన సంగతి చెప్పేశాను. పదిన్నరకు నాయుడుపేటలో దిగాక ఆమె నన్ను షేర్ ఆటోలో నేరుగా ఏటికి తీసుకుపోయింది.

నీళ్ళు ఉన్నాయి. వెడల్పుగా, పచ్చగా, చెరువులాగానే. అతను చెప్పింది అబద్ధం కాదు. మంచి మనిషిని అనుమానించానా అని సిగ్గేసింది. అయినా వంగి గట్టు పక్క తోడాను. ఇసుక లేదు, బంకమట్టి. గోళ్ళు నొప్పిపుట్టాయి గానీ చెమ్మ తగల్లేదు.

"అది ఇసుక తీసిన గుంట. పోయిన వానలకు నిండింది. కింద బంక, ఇంకదు. బర్రెలు పొర్లేదానికి బాగుండాది," అంది. "రా, మా బాయి సూడు."

ఆ గుంటకు నాలుగు అడుగుల్లో బావి. చేంతాడు సగం కొబ్బరితాడు, తర్వాత నీలం నైలాను, ఆ తర్వాత ఎర్ర నైలాను, చివర పాత చీర పేలిక. మూడు ముడులు.

"ఇసుక పోయినాక ఏడాదికొక ముడి," అంది.

ఆమె మాట కూడా నమ్మలేదు నేను. తాడు తీసుకుని నేనే చేదాను. మూడు ముడులూ నా అరచేతుల్లోంచే పోయాయి. బకెట్‌లో వచ్చింది సగం బురద.

మధ్యాహ్నం సంగటి, ఊరిబిండి పచ్చడి పెట్టింది. నా చూపు చూసి ముందు తనే ఒక ముద్ద తిని, "విషం లేదు, తినక్కా" అంది. కడుపునిండా తిన్నాను.

రెండింటికి నాయుడుపేటలో తిరుగు బస్సెక్కి కాగితం తీసి వేలు పెట్టాను. బస్సు కుదిపినప్పుడల్లా వరస తప్పి మళ్ళీ మొదటికి వచ్చాను. కాళహస్తి వచ్చేసరికి అతను చదివి ఆపిన చోటికి చేరాను. ఏర్పేడు దాటాక ఆఖరి వరస అందింది. బావిలో నీళ్ళు తగ్గినా, ఎండినా మాకు అభ్యంతరం లేదని ఉంది.

ఈ దారిన పోయేవాళ్ళకు చెప్పేది ఒకటే. ఏట్లో నీళ్ళు చూసి మురిసిపోవద్దు, గట్టు మీద బావి తాడు చూడండి. చీకటి పడే వేళకు మా ఏరు దాటాను. పొద్దున తోడిన చెలమ నిండి ఉంది.

రేపు అతను సంతకానికి వస్తాడు. ఈసారి నేను చదువుతాను, అతను వింటాడు. ఆఖరి వరస దాకా.