ఉప్పు మడిలో నేర్చుకున్న మాట

పొద్దున్న వంటింటి కిటికీ కొంచెం జరిపానో లేదో, కాలిన బెరడు వాసన ముక్కుకు కొట్టింది. ఎక్కడో ఉత్తరాన అడవులు తగలబడుతున్నాయట. ఎడ్మంటన్‌లో వేసవంటే ఈ మధ్య ఇదే. తలుపు సందులో తడి తువ్వాలు పెట్టమని చెప్పి మా అమ్మాయి ఆఫీసుకు వెళ్ళింది. మంచి తువ్వాలు పాడుచేయడమెందుకని పాత లుంగీ చింపి పెట్టాను. మధ్యాహ్నానికి కంచె మీద, పక్కింటి కారు మీద, నా చేతుల మీద కూడా ఎర్రటి వెలుగు పడింది. మా బేస్‌మెంట్‌లో అద్దెకుంటూ కాలేజీకి వెళ్ళే కరీంనగర్ అమ్మాయి మౌనిక మెట్లెక్కి వచ్చి, "మొత్తం ఆరెంజ్ అయింది చూడు అమ్మమ్మా" అని ఫోటో తీసుకుంది. ఆ రంగుకు నా దగ్గర వేరే మాట ఉంది. నాలుగో తరగతితో చదువాగిన నాకు అది బడిలో దొరికింది కాదు.

మాది సముద్రం పక్కన ఉప్పు పండించే ఊరు. మాఘం వెళ్ళగానే మడుల్లోకి ఉప్పునీరు పెట్టేవారు. ఎండ ముదిరేకొద్దీ నీరు చిక్కబడి, తెల్లటి పొర కట్టి, కాళ్ళ పగుళ్ళలో దూరి మండేది. మేం పిల్లలం పచ్చి మామిడికాయ గట్టుకేసి కొట్టి, ఆ ముక్కల్ని మడి ఉప్పులోనే అద్దుకుని, పళ్ళు పులిసేదాకా తినేవాళ్ళం. నాన్న పోయాక మడుల పనంతా బాబాయిదే. నాన్నకు తమ్ముడు, ఇంకా పెళ్ళి కానివాడు, ఊళ్ళో కాగితం ముక్క కనబడితే చదవకుండా వదలని మనిషి.

చదవడానికి మాకు దొరికేవి పొట్లం కాగితాలే. కొట్లో పాత పత్రికలు చించి జీలకర్ర, పసుపు కట్టిచ్చేవారు. అమ్మ దినుసు డబ్బాలో పోసుకుంటే, కాగితం నేను మోకాలి మీద సాపు చేసుకునేదాన్ని. మాంత్రికులు, మాట్లాడే పుర్రెలు, ఏడు సముద్రాల అవతల గుహలు. ఏ కథకూ మొదలుండేది కాదు, చివరుండేది కాదు. ఆ చివర మేమే కట్టేవాళ్ళం. కాగితం మీద కాదు, కాగితం ఎవరిస్తారు? నీళ్ళు తీసేసిన మడిలో మెత్తటి బంకమట్టి మీద పుల్లతో రాసేదాన్ని. సాయంత్రానికి తడి ఆరి అక్షరాల అంచుల వెంట ఉప్పు కట్టి, నా రాక్షసులు తెల్లగా మెరిసేవాళ్ళు.

ఒక పసుపు పొట్లంలో 'మాంత్రికుడు పిలవగానే ఆకాశం జేవురించింది' అని ఉంది. అక్కడికి కాగితం చిరిగిపోయింది. అర్థం తెలియకపోయినా ఆ మాట నన్ను పట్టుకుంది. నా కథలో రాకుమారి జడ జేవురించింది, ఆమె కాచిన పులుసు కూడా జేవురించింది.

బాబాయి గట్టు మీద కూలబడి నవ్వాడు. "పులుసు జేవురించిందా? అయితే ఇంక రాక్షసుడెందుకే, ఆ పులుసు సాలు."

"మరి జేవురించడమంటే ఏంటి బాబాయ్?"

"అది సెప్తే రాదు. ఎప్పుడో కనపడతాది."

ఆ ఏడు వైశాఖం చివర ఒక మధ్యాహ్నం గాలి పూర్తిగా ఆగిపోయింది. ఎండ్రకాయలు బొరియలు వదిలి బాట మీదకొచ్చాయి. ఒక్క కాకి లేదు. సముద్రం వైపు ఆకాశం, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహంలా, లోపల్నుంచి ఎర్రగా కమిలింది; మడుల్లో నీళ్ళూ, ఉప్పు కుప్పలూ, అమ్మ తెల్లచీరా అదే రంగు తాగాయి. బాబాయి తాటాకుల మోపు తలకెత్తుకుంటూ గడ్డంతో పైకి చూపించాడు.

"నువ్వడిగిన మాట. అదిగో."

ఆ తర్వాత అమ్మతో అన్నాడు: "ఇంకా రెండు కుప్పలు కప్పలేదు వదినా. కప్పేసి వచ్చేత్తాను."

ఆ కుప్పల ఉప్పు అమ్మితేనే మాకు ఏడాది గింజలు. అమ్మ నోరు తెరిచింది. కానీ బాబాయి అప్పటికే గుమ్మం దాటాడు, బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలిస్తే కీడని మా ఇళ్ళల్లో పట్టింపు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడిపోయింది. బాట మలుపు దాకా తాటాకుల మోపు కనబడింది, తర్వాత వాన అడ్డమొచ్చింది.

ఉప్పెన నీళ్ళు తీశాక చూస్తే మడులేవో సముద్రమేదో తెలియలేదు. కుప్పలు లేవు. తాటాకులు కొన్ని తుమ్మకంపకు చిక్కుకుని ఉన్నాయి. బాబాయి దొరకలేదు. నేను మళ్ళీ మట్టి మీద ఏమీ రాయలేదు.

ఇప్పుడు మా ఊళ్ళో ఉప్పు మడులు లేవు, అన్నీ రొయ్యల చెరువులే. కొట్లలో పొట్లం కట్టడం ఎవరికీ రాదు; అన్నీ అంటించిన కవర్లు, చదవడానికి ధర తప్ప ఇంకేమీ ఉండదు. అమ్మ పోయింది. బాబాయి గొంతు గుర్తున్నదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.

మౌనిక మాస్కు పెట్టుకుని, బ్యాగు తగిలించుకుని, ముందు గుమ్మం మెట్లు దిగింది. బయట కారు దీపాలు పట్టపగలే వెలుగుతున్నాయి.

"ఈ పొగలో ఎక్కడికి?" అన్నాను.

"షిఫ్ట్ ఉంది అమ్మమ్మా. ఇవాళ పోకుంటే వచ్చే వారం అవర్స్ కట్ చేస్తరు."

వాకిలి దాటి ఇంటి ముందు బాట దాకా వెళ్ళింది. నాలుగడుగుల్లోనే దాని వీపు పొగలో మసకబారింది.

"మౌనికా" అని పిలిచాను.

ఆగి, వెనక్కి తిరిగి, మాస్కు కిందకి లాగింది. "పొయ్యేటప్పుడు ఎనుక నుంచి పిలుస్తరా అమ్మమ్మా? మా అమ్మయితే మస్తు తిడ్తది."

"తిట్టనీ. లోపలికి రా" అన్నాను.