రాయికి పైవైపు

పొద్దున్నే మా ఆయన జేబులు తడమడం నా పనిగా ఉండేది. ఆయన పనిచేసే చోట రాళ్లలోని అయస్కాంతశక్తిని కొలిచే మిషను ఒకటుంది. ఆ గదిలోకి ఇనుము పోకూడదు. తాళంచెవులు, పిన్నీసులు, ఆఖరికి ప్యాంటు హుక్కు కూడా. అందుకే ఆయన ప్యాంట్లకి హుక్కులు పీకేసి బొత్తాలు కుట్టాను. జేబుల్లో దొరికిన ఇనుమంతా గుమ్మం పక్కనున్న పింగాణీ గిన్నెలో వేసేదాన్ని. "పెళ్లాం చేతిలో రోజూ సోదా అయ్యే మొగుణ్ణి ఊళ్లో నేనొక్కణ్ణే," అంటూ చేతులు పైకెత్తి నిలబడేవారు. ఇప్పుడు ఆ వేళకి నా చేతులకి ఏం చెయ్యాలో తోచదు. కొంగు తడుముకుంటూ ఉంటాయి. గిన్నెలో ఆయన తాళాలు అలాగే ఉన్నాయి.

ఆయన చదువు తక్కువే. నాకన్నా నయం. ఓడలవాళ్లు సముద్రం అడుగుకి గొట్టం దించి తీసిన నల్లరాయిని బొటనవేలంత ముక్కలుగా కోసేవారు. కోసే ముందు ప్రతి ముక్క మీదా పైవైపు ఏదో తెలిసేలా బాణం గీయాలి. గీయకుండా కోస్తే రాయి మూగదైపోతుందనేవారు.

ఎందుకని అడిగితే చెప్పారు. నేల పగిలి కక్కిన లావా సముద్రం అడుగున చల్లారి ఆ రాయవుతుందట. అందులో కంటికి ఆనని ఇనుప నలుసులుంటాయట. చల్లారేటప్పుడు ఉత్తరం ఎటుంటే అటు తిరిగి బిగుసుకుపోతాయట.

"అయితే అన్నీ ఒకే వైపు చూడాలిగా?"

"చూడవు. వెనకటికి ఎన్నోసార్లు భూమి అయస్కాంతం తిరగబడి ఉత్తరం దక్షిణమైంది."

"ఎవరికీ చెప్పకుండానే?"

"చెప్పడానికి అప్పుడెవరున్నారే," అని నవ్వారు.

నాకు సగం బుర్రకెక్కలేదు. ఇప్పటికీ ఎక్కలేదు.

ఆ అలవాటు ఇంటికీ అంటింది. అటకమీది అట్టపెట్టెలకీ, వంటింటి డబ్బాలకీ బాణాలే. పనిచోట అందరూ ఆయన్ని బాణాల బాబాయి అనేవారు.

తలలో గడ్డ ఉందని తెలిసేసరికే ఆలస్యమైంది. తెలియకముందు కొన్ని వారాలు టీలో ఉప్పు వేసుకుని వంక పెట్టకుండా తాగేశారు. చొక్కా తిరగేసి తొడుక్కున్నారు. ఆయన పుట్టినరోజు మర్నాడు పొద్దున, ఎప్పటిలాగే చేతులు పైకెత్తి నిలబడ్డారు. నేను జేబులు తడుముతుంటే, "మీరెవరమ్మా?" అన్నారు, ఎంతో మర్యాదగా. హాస్యమనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. అయినా ఆ రోజూ పనికి వెళ్లారు.

ఆయన పోయిన కొన్నాళ్లకి, మిషను దగ్గర పనిచేసే అమ్మాయి ఆయన ఆప్రాను మడతపెట్టి తెచ్చింది. నన్ను పిన్ని అంటుంది. నీళ్లు తాగాక కూడా గ్లాసు చేతిలోనే తిప్పుతూ కూర్చుంది.

"పిన్నీ, ఒకటి అడగాలి. ఏమీ అనుకోకూడదు."

"అనుకోడానికి ఏం మిగిలిందమ్మా. అడుగు."

"బాబాయి ఆఖరున కోసిన ముక్కలున్నాయి. వాటికి పైనుండే రాళ్లన్నీ ఒకవైపు చూస్తుంటే ఇవి తలకిందులుగా చూస్తున్నాయి. ఆ రాయి పుట్టినప్పుడు ఉత్తరమే తారుమారై ఉండొచ్చు. లేదా..."

"లేదా?"

"బాణం తిరగబడి ఉండొచ్చు. ఆ రోజుల్లో బాబాయి మరీ మరిచిపోతుండేవారా?"

అవునంటే ఇన్నేళ్ల ఆయన చేతిపనికి చివర్లో మచ్చ. కాదంటే వాళ్లు తప్పు బాణాన్ని నమ్ముకుంటారేమో. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"టీలో ఉప్పు వేసుకున్నారమ్మా," అన్నాను చివరికి. అని ఊరుకోలేక వంటింట్లోకి తీసుకెళ్లి పిండిడబ్బా చూపించాను. దానిమీద బాణం ఆ వారాల్లో గీసిందే. మూతవైపే చూస్తోంది.

ఆ అమ్మాయి డబ్బాని తిప్పి తిప్పి చూసింది. "సరిగానే ఉంది పిన్నీ. కానీ డబ్బాకి మూత ఉంటుంది. రాయికి ఉండదుగా."

నిజమే.

"ఆ రాయి రెండో సగం గోదాంలో ఉంది. దానిమీద పైవైపేదో ఓడవాళ్లు పెట్టిన గుర్తుంది. అందులోంచి మళ్లీ కోసి చూస్తాం," అని చెప్పి వెళ్లింది.

అప్పట్నుంచీ పూటకో తీరు. బాణాలు ఒప్పని తేలాలని దండం పెట్టుకుంటాను. కాసేపటికి, తప్పని తేలినా బాగుండునేమో అనిపిస్తుంది. అదెందుకో నాకే తెలియదు.

నిన్న ఫోన్ చేసింది. "పిన్నీ, బాబాయి బాణాలన్నీ సరైనవే. ఒక్కటీ తప్పలేదు. రాయే అలా పుట్టింది."

"అవి ఏ రోజు కోశారో తెలుసా అమ్మా?"

"పుట్టినరోజు మర్నాడు. ముందురోజు అందరికీ మిఠాయి పంచారుగా, అందుకే గుర్తు."

ఫోన్ పెట్టేశాను. పొద్దున నన్ను ఎవరమ్మా అని అడిగిన మనిషి, అదే రోజు రాయికి పైవైపేదో తప్పులేకుండా గీశారు. సంతోషించాలా, అలగాలా? అలిగితే ఎవరి మీద, రాయి మీదా? ఏళ్ల తరబడి ఉప్పునీళ్లలో నానితే ఏ రాయైనా కొంచెం కొంచెంగా తన ఉత్తరం మరిచిపోతుందనీ, లోపల నల్లగా మిగిలినచోట మాత్రం పట్టు వదలదనీ ఆయనే అనేవారు. మరి ఆ మిగిలినచోట నేను ఉన్నానా లేనా? ఎవరో తెలియని ఆడమనిషి ముందు చేతులెందుకు పైకెత్తారు? జేబులెందుకు అప్పజెప్పారు? ఎటు తిప్పి చూసినా తేలడం లేదు.

ఇవాళ డబ్బాలన్నీ తోమడానికి దింపాను. ఒక్కొక్కటే తోమి బోర్లించాను. పిండిడబ్బా జిడ్డుగా ఉంది. పీచు పెడితే బాణం కూడా పోతుంది. దాన్ని తోమలేదు. ఆ జిడ్డుతోనే తిరిగి అరలో పెట్టాను, బాణం నాకు కనపడేలా.